ధాన్యకటకంలో కుదిరిన స్నేహం

హుయాన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు మన కృష్ణాతీరానికి వచ్చేనాటికి ఇల్లు వదిలి పదేళ్లు కావస్తోంది. మనిషి నలభైకి దగ్గరపడ్డాడు. సరిహద్దు దాటకూడదని చక్రవర్తి ఆజ్ఞ ఉన్నా, ఎవరి కంటా పడకుండా చైనా నుంచి బయటపడ్డవాడు. గోబీ ఎడారిలో నీళ్లతిత్తి ఒలికిపోయి, చావు తప్పించుకుని వచ్చినవాడు. నలందలో శీలభద్రుడి దగ్గర ఏళ్ల తరబడి చదివాడు. అంతటి గురువు దగ్గర చదివాక ఇంకెక్కడికీ పోనక్కర్లేదనుకోలేదు. కళింగం, కోసల, వేంగి దాటుకుంటూ 639 ప్రాంతంలో ధాన్యకటకం చేరాడు. నేటి ధరణికోట, అమరావతి ఉన్నచోటు. ఆయన చూసిన రాజధాని బెజవాడ అని వాదించిన పండితులూ ఉన్నారు. ఎటు చూసినా మన నేలే. గుంటూరు పక్కనున్న నల్లపాడు నుంచి బండి కట్టుకుని పొద్దున బయల్దేరితే చీకటిపడేలోగా చేరే దూరం.

ఇక్కడి నేల సారవంతమైనదనీ, పంటలు పుష్కలమనీ, జనం నల్లగా ఉంటారనీ, కళలంటే ఇష్టపడతారనీ రాసుకున్నాడు. ఆరామాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుపడి, ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయన్నాడు. వాటిలో వెయ్యిమంది వరకూ భిక్షువులు. అంటే వెలుగు తగ్గిన ఊరికి వచ్చాడు. ఇక్కడి మహాస్తూపం కట్టినవాళ్ల కాలం ఎప్పుడో గడిచిపోయింది. చూసేది చూసి, మొక్కాల్సిందేదో మొక్కి, మరుసటి వారం దక్షిణానికి పోవాల్సిన బాటసారే.

కానీ ఆయన నెలల తరబడి ఇక్కడే ఉండిపోయాడు. ఎందుకో ఆయన జీవితచరిత్ర రాసిన భిక్షువు హుయిలి చెప్పాడు. ఇక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు తగిలారు. మహాసాంఘిక శాఖ గ్రంథాల్లో ఇద్దరూ దిట్టలు. హుయాన్‌త్సాంగ్ చదువులో ప్రధానం మహాయానం. ఆంధ్రదేశంలో వేళ్లూనుకున్న మహాసాంఘికుల అభిధర్మం ఆయనకు కొత్త. అది వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. బదులుగా తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. మనసులు కలిశాయి. ముగ్గురూ కలిసి పుణ్యస్థలాలు చూడటానికి బయల్దేరారు.

చదువుకోవడానికి పరాయిదేశం వెళ్లిన మనిషికి అక్కడ కొత్త స్నేహితులు దొరకడం, వాళ్లతో కలిసి ఊళ్లు చూడబోవడం గురించి మన ప్రాంతంలో రాతలో మిగిలిన తొలి కథల్లో ఇదొకటి. పాఠ్యపుస్తకాల్లో హుయాన్‌త్సాంగ్ అనగానే నలందా, హర్షుడూ చెప్పి ఊరుకుంటారు. సుభూతి, సూర్యుల పేర్లు గుంటూరు జిల్లాలో చదువుకున్న పిల్లలకు కూడా తెలియవు. ఇది నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ పేర్లు ఇప్పుడే మనకు ఎక్కువ అవసరం.

నల్లపాడు నుంచి లీడ్స్ దాకా

నల్లపాడు జంక్షన్‌లో రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి నరసరావుపేట, వినుకొండ మీదుగా గుంతకల్లుకు పోతుంది. ఇంకొకటి సత్తెనపల్లి, నడికుడి, మిర్యాలగూడ దాటి పగిడిపల్లి చేరుతుంది. ఒకప్పుడు ఇక్కడి కుర్రాళ్లు పాలిటెక్నిక్ అవగానే ఈ రెండు దారుల్లోనే ఎక్కడో ఒకచోట ఉద్యోగం వెతుక్కునేవారు. ఇప్పుడు మిర్చి కొట్టులో గుమస్తా చేసే ఆయన కొడుకూ, పత్తిమిల్లులో పనిచేసే ఆమె కూతురూ శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నారు. 2023–24లో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని అక్కడి ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క. ఏ దేశం నుంచీ అంతమంది లేరు.

మా మేనకోడలు ఇంగ్లండులో లీడ్స్‌కి వెళ్లింది. పెట్టెలో కందిపొడి, పండుమిరప పచ్చడి, పది కిలోల బియ్యానికి సరిపడా జాగ్రత్తలు. విశ్వవిద్యాలయం వాళ్లిచ్చిన వసతిలో ఆరుగురికి ఒక వంటగది. తెలుగువాళ్లెవరూ లేరు. చేరిన కొత్తలో ఒక సాయంత్రం పప్పుకి తాలింపు పెట్టింది. మన ఎండుమిరపకాయలు నూనెలో చిటపటలాడి నల్లబడేసరికి ఘాటు గదంతా కమ్మేసింది. పైన పొగ పసిగట్టే అలారం కూత అందుకుంది. ఏం చేయాలో తోచక ఇది చేష్టలుడిగి నిలబడిపోతే, పక్కగదిలోంచి ఒక చైనా అమ్మాయి పరుగున వచ్చి కిటికీ తెరిచి, కుర్చీ ఎక్కి, బేకింగ్ ట్రే పట్టుకుని అలారం కింద విసరడం మొదలుపెట్టింది. కూత ఆగింది. దిగి, దగ్గుతూనే మూకుడులోకి తొంగిచూసి, ఆ మిరపకాయ పేరేమిటని అడిగిందట.

ఆ అమ్మాయిది సిచువాన్ రాష్ట్రం, చెంగ్డూ నగరం. కారం తినేవాళ్లు. మన గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం టిక్కీలు కొనేవాళ్లలో చైనాకు ఎగుమతి చేసే వ్యాపారులదే పెద్దచెయ్యి. మర్నాడు ఆ పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న మిరపనూనె సీసా తెచ్చి మా పిల్ల అరలో పెట్టింది. ఇది పండుమిరప పచ్చడి ఇచ్చింది. అక్కడ మొదలైంది స్నేహం.

చెంగ్డూ పిల్లకి హుయాన్‌త్సాంగ్ వేరే పేరుతో తెలుసు. పదహారో శతాబ్దపు చైనా నవల ‘పశ్చిమ యాత్ర’లో కోతిరాజును వెంటబెట్టుకుని భారతదేశానికి బయల్దేరే సన్యాసి ఆయనే. 1986లో దాన్ని టీవీ ధారావాహికగా తీశారు. ఇప్పటికీ సెలవుల్లో వేస్తూనే ఉంటారు. చైనా పిల్లలకి ఆయన మన పిల్లలకు హనుమంతుడంత దగ్గర. అంతటి మనిషి మీ ఊరి వైపు వచ్చాడా అని ఆ పిల్ల అడిగితే, మా పిల్ల ఫోన్‌లో వెతికి, రాత్రికి రాత్రి నాకు ఫోన్ చేసింది. “మావయ్యా, అమరావతిలో హుయాన్‌త్సాంగ్ ఉన్నాడంట, నిజమేనా?” సుభూతి గురించీ సూర్యుడి గురించీ నేను చెప్పగలిగింది చెప్పాను.

వాళ్లిద్దరూ ఒక శుక్రవారం రాత్రి కోచ్ ఎక్కి లండన్ వెళ్లారు. రైలైతే రెండున్నర గంటల్లోపే చేరొచ్చు, కానీ టికెట్ ఖరీదు. కోచ్‌లో రాత్రి నిద్రా అవుతుంది, హోటల్ ఖర్చూ మిగులుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అక్కడ 33ఏ నంబరు గది మొత్తం అమరావతి శిల్పాలకే కేటాయించారు. 1992లో తెరిచారు. ఆ రాళ్లు 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ మన స్తూపం దగ్గర తవ్వి మద్రాసుకు చేర్చినవి. 1859లో ఓడెక్కి లండన్ పోయాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి దక్కాయి. లేతాకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. అందులో ఒక పలకకి రెండువైపులా చెక్కడం ఉంది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలం నాటిది. కొన్ని శతాబ్దాలు గడిచాక ఎవరో శిల్పి అదే పలకను తిప్పి, వెనకవైపు సింహాలు కాపలా ఉన్న మహాస్తూపాన్ని చెక్కాడు. హుయాన్‌త్సాంగ్ ఇక్కడికి వచ్చేనాటికి ఆ రెండోవైపు చెక్కడం కూడా పాతబడిపోయింది.

నల్లపాడులో పుట్టి పెరిగిన పిల్ల అమరావతి రాళ్లను చెంగ్డూ పిల్ల పక్కన నిలబడి లండన్‌లో మొదటిసారి పరకాయించి చూసింది. చిన్నప్పుడు బడివాళ్లు అమరావతి తీసుకెళ్లారు గానీ, దానికి గుర్తున్నది పులిహోర పొట్లమే. ఈసారి అడిగేవాళ్లు పక్కనున్నారు. ఇదేమిటి, ఈ పడగలెందుకు, ఈ కుండ ఎందుకు అని ఆ పిల్ల అడుగుతుంటే చెప్పాల్సిన బాధ్యత దీనిమీద పడింది. మన దగ్గర ఉన్నదాన్ని మనచేత చూపించుకునే మనిషి దొరికితే తప్ప కొన్ని కంటికి ఆనవు.

“చదువుకోమని పంపితే ఊళ్లు తిరుగుతున్నావా?”

ఈ ప్రయాణం సంగతి తెలిసి నల్లపాడులో మా అక్క అన్నమాట ఇది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. ఎకరం పొలం తాకట్టులో ఉంది. బ్యాంకు అప్పు మీద వడ్డీ నడుస్తోంది. బ్రిటన్‌లో విద్యార్థి వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. శని, ఆదివారాలంటే గిడ్డంగుల్లోనూ హోటళ్లలోనూ షిఫ్టులు దొరికే రోజులు. మూడు పౌండ్ల కాఫీ మన లెక్కలో మూడొందల పైమాట. ఒక వారాంతం ఊరికి పోవడమంటే వచ్చే కూలి పోగొట్టుకుని, పైన టికెట్ పెట్టుకోవడం. ఎండలో మిరపకాయల తొడిమలు తీసి కూలి లెక్కపెట్టుకున్న చేతులు ఆ లెక్క వేయకుండా ఎలా ఉంటాయి?

అయినా ఈ విషయంలో నేను మేనకోడలి పక్షమే. ఏడాది చదువు కోసం అంత డబ్బు పోసి, ఆ దేశంలో గిడ్డంగీ తరగతిగదీ తప్ప మరేదీ చూడకుండా తిరిగొస్తే, పెట్టిన ఖర్చులో సగం వృథా. మన పిల్లలు వెళ్లగానే చేసే పని తెలుగువాళ్లు నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకోవడం. అది మంచిదే. జ్వరమొస్తే చారు కాచిపెట్టేవాళ్లు వాళ్లే, విమానాశ్రయానికి వచ్చి పెట్టెలు మోసేవాళ్లు వాళ్లే. ఆ ఇల్లు లేకపోతే మొదటి చలికాలంలోనే చాలామంది కుంగిపోతారు. కానీ ఉన్నన్నాళ్లూ అదే ఇల్లు, అదే కూర, అదే కబుర్లు, డిగ్రీ చేతికొచ్చేవరకూ ఆ ఊళ్లో పుట్టినవాళ్ల ఇంట్లో అడుగుపెట్టలేదంటే, తెలుగువాళ్ల నుంచి తెలుగువాళ్ల దగ్గరికే వెళ్లినట్టు. సుభూతికి తెలియనిది హుయాన్‌త్సాంగ్‌కి తెలుసు, హుయాన్‌త్సాంగ్‌కి తెలియనిది సుభూతికి తెలుసు. కలిసింది అందుకే.

మన ప్రాంతం నుంచే ఇంకొక ఉదాహరణ ఉంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. 1910లలో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. ఊరినుంచి వెంట వెళ్లిన స్నేహితుడు ఉండనే ఉన్నాడు. అయినా గోపాలకృష్ణయ్య ఆ స్నేహంతో ఆగలేదు. సింహళ తమిళుడికీ ఇంగ్లీషు తల్లికీ పుట్టిన కళాపండితుడు ఆనంద కుమారస్వామితో పరిచయం కుదిరింది. భరతనాట్యం, కూచిపూడి కళాకారులు ఇప్పటికీ ప్రమాణంగా పట్టుకునే నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రెస్ దాన్ని అచ్చువేసింది. అనువాదకులుగా రెండు పేర్లూ ఉన్నాయి. ఆర్థికశాస్త్రం చదవబోయిన మనిషి నాట్యశాస్త్ర గ్రంథంతో తిరిగొచ్చారు. అప్పటికి నాట్యమంటే మన పెద్దింటివాళ్లు ముఖం చిట్లించే రోజులు. నాలుగేళ్లకు, 1921లో, పన్నులకు ఎదురుతిరిగి చీరాల, పేరాల ప్రజల్ని ఊరు ఖాళీ చేయించి రామనగర్ పాకల్లో నెలల తరబడి నిలబెట్టిన ఆంధ్రరత్న ఈయనే. ఆయన కూడగట్టిన స్వచ్ఛంద సేవకుల దళం రామదండులో పాటా వేషమూ కలిసి నడిచాయి. కళ జనాన్ని కదిలిస్తుందన్న నమ్మకం ఆ స్నేహంలో గట్టిపడిందనే నాకనిపిస్తుంది.

నీళ్ల దగ్గర

ఊళ్లు తిరగమని చెప్పేటప్పుడు నీళ్ల సంగతి దాచిపెట్టడం తప్పు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు స్నేహితులతో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం చూడటానికి వెళ్లి, నీళ్లలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనాలో గడ్డకట్టిన వుడ్స్ కాన్యన్ సరస్సు మీద నడిచిన తెలుగువాళ్లు మంచు పగిలి మునిగిపోయారు. అందులో గుంటూరు జిల్లా నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ క్రిస్మస్ సెలవుల్లో మన పల్లెల్లో వినపడిన ఏడుపు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

మన పిల్లలు బావుల్లోనూ సాగర్ కాల్వల్లోనూ ఈత నేర్చారు. ఆ ధైర్యమే అక్కడ ముప్పు. మన కాల్వ నీరు గోరువెచ్చన. స్కాట్లండు ఏరు ఎండాకాలంలోనూ ఒళ్లు కొరికేంత చల్లన. పదిహేను డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి మన మాట వినదు. తెలియకుండానే ఒక్కసారి గుండెలనిండా పీలుస్తాం. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే గాలికి బదులు నీళ్లు పోతాయి. ఎంత గజ ఈతగాడికైనా ఇది జరుగుతుంది. బ్రిటన్‌లో సముద్రతీరాల్లో మనుషుల్ని కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ చెప్పేది ఒకటే: పడగానే ఈదబోకండి, వెల్లకిలా తేలండి, చెవులు నీళ్లలో మునిగినా ఫర్వాలేదు, ఊపిరి కుదురుకున్నాక అరవండి లేదా ఒడ్డుకు కదలండి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకూడదు. తాడో, కర్రో, చొక్కానో అందించాలి. గడ్డకట్టిన చెరువుమీద ఎవరో నడుస్తున్నారని మనమూ నడవకూడదు. పాచి పట్టిన రాయి అంచున ఫొటో అక్కర్లేదు.

ఇక్కడ కూడా కొత్త స్నేహితుడి విలువ తెలుస్తుంది. ఆ ఊళ్లో పుట్టినవాడికి ఏ రేవు లోతో, ఏ నెలలో ఏ కొండమీద మంచు కూలుతుందో తెలుసు. నలుగురూ కొత్తవాళ్లే అయిన గుంపుకి అది తెలియదు. పిల్ల ఫోన్‌లో “రేపు ఊరికెళ్తున్నాం” అనగానే “ఎందుకు” అనకుండా “ఎవరితో, అక్కడ నీళ్లున్నాయా, తిరుగు బండి ఎన్నింటికి” అని అడగమని మా అక్కకి చెప్పాను. ఎందుకు అనడం మొదలుపెడితే ఆ తర్వాత ప్రయాణాలు చెప్పకుండా వెళతారు. అది ఇంకా ప్రమాదం.

రెండు నూలుబట్టలు

హుయాన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో చాంగాన్ తిరిగిచేరాడు. దారిలో సింధునది దాటుతుంటే పడవ ఊగి యాభై కట్టల తాళపత్రాలు నీటిపాలయ్యాయి. ఏడేళ్లకు, 652లో, బుద్ధగయ మహాబోధి ఆరామం నుంచి ఉత్తరాలు అందాయి. రాసినవాళ్లలో ప్రజ్ఞాదేవుడు ఒకరు. ఈయన హుయాన్‌త్సాంగ్‌తో ఒకే మతం వాడైనా శాఖ వేరు, కన్యాకుబ్జంలో వాదనలో ఎదురుపడినవాడు కూడా. ఉత్తరంతోపాటు రెండు తెల్లని నూలుబట్టలు పంపాడు. దారి దూరం, కానుక చిన్నదని అనుకోవద్దని రాశాడు. 654లో హుయాన్‌త్సాంగ్ జవాబులు రాశాడు. శీలభద్రుడు పోయాడని తెలిసి దుఃఖపడ్డాడు. సింధులో పోయిన గ్రంథాల జాబితా జతచేసి, కుదిరితే ప్రతులు పంపమని అడిగాడు. పడవలో పోయినవాటి కోసం పదేళ్ల తర్వాత కూడా స్నేహితుల్నే అడిగాడు.

నూలుబట్ట అంటే పత్తి పండించే ఈ నేలమీద ఉన్నవాళ్లకి పెద్దగా కనిపించదు. ఆనాటి చైనా నడిబొడ్డున అది అరుదైన వస్తువు. తనకు తేలిగ్గా దొరికేది, ఎదుటివాడికి దొరకనిది పంపాడు ప్రజ్ఞాదేవుడు. లీడ్స్‌లో అరలో పెట్టిన పండుమిరప పచ్చడి కూడా అలాంటిదే.

మనదగ్గరికి వచ్చినవాళ్లు

మన పిల్లలు వెళ్లడం గురించే ఇంత మాట్లాడుకున్నాం. మన దగ్గరికి వచ్చి చదువుకుంటున్నవాళ్లూ ఉన్నారు. 1976లో ఏర్పడ్డ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ, వడ్డేశ్వరం, వడ్లమూడి వైపు ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ ఆఫ్రికా దేశాల పిల్లలు కనిపిస్తారు. గుంటూరు బస్టాండులో నిలబడితే ఎగాదిగా చూసేవాళ్లూ, అడగకుండా ఫొటో తీసేవాళ్లూ ఉంటారు. భోజనానికి రమ్మనేవాళ్లు తక్కువ. మన పిల్లవాణ్ణి మాంచెస్టర్‌లో ఎవరైనా క్రిస్మస్ నాడు ఇంటికి పిలిచి అన్నం పెడితే ఆ సంగతి వీధివీధికీ చెప్పుకుంటాం. ఆ పిలుపు మన ఇంటి నుంచి ఎందుకు వెళ్లకూడదు?

పిలిచేవాళ్లకి చెబుతున్నాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ భరించేలా ఉంటుంది. గుంటూరు నుంచి లాం, తాడికొండ మీదుగా అమరావతికి బస్సులున్నాయి, నలభై కిలోమీటర్లలోపే. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు, శని, ఆదివారాలు తెరిచే ఉంటుంది. దలైలామా 2006లో కాలచక్ర జరిపిన చోటు కూడా పక్కనే. ఫిబ్రవరిలో వెళితే దారిపొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. బండి ఆపి రైతునడిగి ఒకసారి చూపించండి, తొడిమ తీయడం ఎలాగో వాళ్ల చేతే చేయించండి. మధ్యాహ్నానికి ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టండి. వాళ్ల ఊరి పంటేమిటో, వాళ్లమ్మ ఏం వండుతుందో అడగండి, వచ్చే ఆదివారం మీ వంటింట్లో వాళ్లచేత వండించుకోండి.